రేసు కారుకు అల్యూమినియం తొడిగినంత మాత్రాన సరిపోదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో రిమోట్ కంట్రోల్ రేసు కార్ల నిర్వహణపై వచ్చిన వ్యాసం చదివాను. పెద్దలు సైతం పోటీలు పడి ఆడే ఈ వ్యాపకాన్ని పిల్లల బొమ్మల వరుసలో చేర్చకుండా దానికొక పూర్తి పేజీ కేటాయించినందుకు సంతోషం. అయితే కొత్తగా కారు కొన్నవారికి అందులో ఇచ్చిన సలహాలలో ఒకటి వారి డబ్బును వృథా చేసేది, మరొకటి ఇంటికే ప్రమాదం తెచ్చేది. అందుకే ఈ లేఖ.

ప్లాస్టిక్ భాగాలు ఎలాగూ విరుగుతాయి కనుక, కారు కొన్న వెంటనే, చక్రాలను కారుకు కలిపి పైకీ కిందికీ ఆడే సస్పెన్షన్ ఆర్మ్‌లు మొదలుకొని అన్నింటినీ అల్యూమినియంవి వేయించుకోవాలని వ్యాసకర్త రాశారు. అంగట్లో మెరిసే రంగుల భాగాలను చూసినవారికి ఈ మాట సబబుగానే తోస్తుంది. కానీ ఆర్మ్‌లను నైలాన్‌తో చేయడం కేవలం పిసినారితనం కాదు. వేగంగా వెళ్తున్న కారు ట్రాక్ అంచును గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను ఏదో ఒక భాగం భరించాలి. నైలాన్ ఆర్మ్ వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది, దెబ్బ మరీ పెద్దదైతే అదొక్కటే విరిగి అక్కడితో నష్టం ఆగుతుంది, ఇరుసు పిన్ను లాగి రెండు మూడు మరలు విప్పితే కొత్తది ఎక్కించుకోవచ్చు. అల్యూమినియం ఆర్మ్ అయితే కంటికి కనబడనంత వంగి అలాగే ఉండిపోయి చక్రం కోణాన్ని చెడగొడుతుంది, లేదా తాను చెక్కుచెదరకుండా మొత్తం దెబ్బను గేర్‌బాక్స్ తొడుగుకు అప్పగిస్తుంది. ఆ తొడుగు పగిలితే సగం కారును విప్పదీయవలసిందే. 1984లో టీమ్ అసోసియేటెడ్ సంస్థ తెచ్చిన ఆర్‌సీ10 కారుకు ఛాసిస్‌ను అల్యూమినియంతో చేశారు గాని, ఆర్మ్‌లను మాత్రం నైలాన్‌తోనే పోతపోశారు. రేసు కోసమే పుట్టిన కారులో ఆ నిర్ణయం తెలియక తీసుకున్నది కాదు.

నైలాన్ ఆర్మ్‌లు మాటిమాటికీ విరుగుతున్నాయని వాపోయేవారు ఒక సంగతి గమనించాలి. నైలాన్ తేమను పీల్చుకుంటే సాగుడు గుణం పెరుగుతుంది, బాగా ఎండిపోతే పెళుసెక్కుతుంది. పాత ఆటగాళ్ళు కొత్త ఆర్మ్‌లను బిగించే ముందు కాసేపు మరిగే నీళ్ళలో ఉంచేది ఇందుకే. ఈ చిట్కాకు పైసా ఖర్చు లేదు, బహుశా అందుకే ఎవరూ ప్రకటన ఇవ్వరు.

అల్యూమినియం అసలే వద్దని నా వాదన కాదు. మోటారును పట్టి ఉంచే మౌంటు అల్యూమినియంది అయితే వేడిని లాగేస్తుంది, షాక్ అబ్జార్బర్ గొట్టాలకు కూడా అది నప్పుతుంది. కాకపోతే ప్లాస్టిక్‌లో దిగిన మర రాపిడి వల్ల కదలకుండా ఉంటుంది, లోహంలో దిగిన మర అదురుకు వదులవుతుంది. కాబట్టి లోహంలోకి లోహం దిగే ప్రతిచోటా నీలిరంగు థ్రెడ్‌లాక్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) చుక్క పెట్టాలి. అదే చుక్కను ప్లాస్టిక్‌లో పెడితే సరిగా గట్టిపడదు సరికదా, పాలీకార్బొనేట్ వంటి కొన్ని రకాల ప్లాస్టిక్‌లను పగుళ్ళిస్తుంది. ప్లాస్టిక్‌లోకి మరను తిరిగి బిగించేటప్పుడు మొదట వెనక్కి తిప్పి, పాత గాడిలోకి టక్కున జారినట్టు చేతికి తెలిశాక ముందుకు తిప్పితే గాడి చాలాకాలం నిలుస్తుంది.

అసలు నా అభ్యంతరం వ్యాసం విడిచిపెట్టిన దాని గురించి. ట్రాక్ మీద ఆగిపోయే కార్లలో చాలావాటికి కారణం బలహీనమైన భాగం కాదు, ముందే కనిపించిన చిన్న లోపాన్ని పట్టించుకోకపోవడం. దుమ్ము పట్టిన ఒక చక్రం బేరింగ్‌నే తీసుకోండి. అది బిగుసుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అప్పుడు యజమాని బ్యాటరీని తిట్టుకుని కొత్తది కొంటాడు, బేరింగ్ మాత్రం తన పని తాను చేసుకుపోయి చివరకు దాన్ని పట్టి ఉంచిన ప్లాస్టిక్ హబ్‌నే కరిగిస్తుంది. ప్రతి ఆట తరువాత నాలుగు చక్రాలనూ చేత్తో తిప్పి చప్పుడు వినడం, అటూ ఇటూ ఊపి వదులు ఎంతుందో చూడటం నిమిషం పని. గరగరమన్న బేరింగ్‌ను తీసి కడిగి, ఆరనిచ్చి, ఒక్క చుక్క పలుచని నూనె వేస్తే చాలాసార్లు కోలుకుంటుంది. అప్పటికీ గరగరమంటే మార్చడమే.

గేర్ల సంగతీ అంతే. మోటారు మీది చిన్న గేరు పినియన్‌కూ, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకూ మధ్య సందు మరీ బిగువైతే మోటారు కాలుతుంది, మరీ వదులైతే పళ్ళ కొసల మీదే భారం పడి అవి ఊడిపోతాయి. రెండింటి మధ్యా నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి, మోటారును నొక్కి బిగించి, ఆ ముక్కను తిప్పి తీసేస్తే సందు సుమారుగా కుదురుతుంది. స్పర్ గేరు అచ్చమైన వృత్తం కాకపోవచ్చు కనుక పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కువ బిగువున్న చోట కూడా సందు మిగిలిందో లేదో చూడాలి. కొత్త మోటారుకు పెట్టే ఖర్చు కన్నా ఈ కాగితం ముక్క ఎక్కువ మేలు చేయగలదని నా అనుభవం.

ఇక ప్రమాదకరమైన సలహా. ఆట ముగిశాక బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి భద్రపరచాలని వ్యాసకర్త రాశారు. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి అలవాటు. ఇప్పుడు రేసు కార్లలో ఎక్కువగా వాడే లిథియం పాలిమర్ బ్యాటరీకి అది గొడ్డలిపెట్టు. ఇందులో ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది, 3 వోల్టుల కన్నా దిగువకు దించితే లోపలి రసాయనాలు దెబ్బతిని ఉబ్బడం మొదలవుతుంది. రోజుల తరబడి వాడకుండా ఉంచాలంటే సెల్ ఒక్కింటికి 3.8 వోల్టుల దగ్గర, అంటే 2 సెల్‌ల బ్యాటరీ అయితే 7.6 వోల్టుల దగ్గర ఆపాలి. కారు స్విచ్ ఆపినంత మాత్రాన చాలదు, కనెక్టరు కూడా విడదీయాలి. కొన్ని స్పీడ్ కంట్రోలర్లు ఆపిన తరువాత కూడా కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. చార్జరును లిథియం అమరికలోనే పెట్టి, సెల్‌లన్నీ సమంగా నిండేలా బ్యాలెన్స్ తీగను తగిలించి, 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటలు) సామర్థ్యమున్న బ్యాటరీని 5 ఆంపియర్లతో చార్జి చేయడం క్షేమం. ఉబ్బిన దాన్ని మళ్ళీ చార్జి చేయకూడదు, పొడవకూడదు, మనిషి కాపలా లేకుండా ఏ బ్యాటరీనీ చార్జింగ్‌లో వదలకూడదు.

భాగాల విషయంలో అభిప్రాయభేదాలు ఉండవచ్చు, వ్యాసకర్తతో వాదించడానికి నేను సిద్ధమే. బ్యాటరీ విషయంలో మాత్రం అభిప్రాయాలకు తావు లేదు. ఆ పేజీని కత్తిరించి చార్జరు పక్కన అంటించుకున్న పిల్లలు ఉండే ఉంటారు. కనుక వచ్చే ఆదివారమే, అదే అనుబంధంలో, అదే సైజు అక్షరాలలో ఆ ఒక్క సలహాకు సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు