టోకెన్ దగ్గర ఆగిన చదువులు: తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇంటర్ పాసైన బిడ్డకు డిగ్రీ సీటు దొరకడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ దోస్త్‌లో 200 రూపాయలు కట్టి, వెబ్ ఆప్షన్లు సరిగ్గా పెట్టుకుంటే ఏదో ఒక కాలేజీ వస్తుంది. అసలు చిక్కు ఈపాస్ దగ్గర, అంటే సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసే వెబ్‌సైట్ దగ్గర మొదలవుతుంది.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మెమో దిద్దించడం కంటే ఆధార్‌ను మెమో ప్రకారం మార్చుకోవడం తేలిక. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయి ఉంటే ఓటీపీ రాదు. ఆదాయ సర్టిఫికెట్ పాతదైతే మళ్లీ మీసేవకు తిరగాలి. ఇంటర్ పరీక్ష ఫీజు కట్టించుకునేటప్పుడే జూనియర్ కాలేజీలో ఈ మూడూ సరిచూస్తే సగం తిప్పలు తప్పుతాయి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

డబ్బు సంగతి అలా తీరేది కాదు. పిల్లలు దరఖాస్తు చేస్తారు, కాలేజీ పైకి పంపుతుంది, సంక్షేమ అధికారి మంజూరు చేస్తారు, బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, చెల్లింపు కోసం వరుసలో ఒక నంబరు, అంటే టోకెన్ పడుతుంది. ఇక అక్కడినుంచి కదలదు. మూడేళ్ల డిగ్రీ ముగిసినా ఫీజు బకాయి తీరని పిల్లలు జిల్లా జిల్లాకూ ఉన్నారు.

అప్పుడు కాలేజీ ఆఫీసులో ఏం జరుగుతుందో చూడండి. పీజీలో సీటు వచ్చిన అమ్మాయి అలాట్‌మెంట్ కాగితం పట్టుకుని కిటికీ ముందు నిలబడుతుంది. రిపోర్టింగ్ గడువులోగా ఒరిజినల్ టీసీ ఇవ్వకపోతే ఆ సీటు పోతుంది. గుమాస్తా రిజిస్టర్ తిరగేసి ఆమె హాల్‌టికెట్ నంబరు ఎదురుగా ఉన్న బకాయి చూపిస్తాడు. ‘మీరు కట్టి తీసుకుపోండి, సర్కారు నుంచి పడ్డాక తిరిగిస్తాం’ అంటాడు. టీసీ, ఇంటర్ మెమో అతని వెనక బీరువాలోనే ఉంటాయి. తల్లి కమ్మలు కుదువ పెడితే అవి బయటికొస్తాయి, లేదంటే ఏడాది పోతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగిచ్చేయాలని, కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. కాలేజీల ఇబ్బందీ అబద్ధం కాదు, జీతాలందని లెక్చరర్లు అక్కడా ఉన్నారు. అయినా సర్కారు బాకీకి పిల్ల సర్టిఫికెట్ తాకట్టు కావడం అన్యాయం.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫీజు తక్కువ కాబట్టి ఈ బాకీ భయమూ తక్కువే. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. సర్కారు హాస్టళ్లలో డిగ్రీ పిల్లల మెస్ చార్జీలు నెలకు 2,100 అయ్యాయి, అంటే రోజుకు 70 రూపాయలు. ఇది మంచి మార్పే, బిల్లు నెలనెలా వస్తేనే వంటగదికి అందుతుంది. లోటల్లా పాఠం చెప్పేవాళ్లది. గెస్ట్ లెక్చరర్ల నియామకం ఆలస్యమైతే మొదటి సెమిస్టర్ ఫిజిక్స్ ల్యాబ్‌కు తాళమే. అది చూసిన తల్లిదండ్రులు అప్పు చేసైనా ప్రైవేటు వైపు పోతారు.

అందుకే అడుగుతున్నాం. కోర్సు ముగించిన ప్రతి విద్యార్థికీ బకాయితో సంబంధం లేకుండా వారంలోగా సర్టిఫికెట్లు ఇవ్వాలని జీవో తెండి. టోకెన్ నంబరు, పడిన తేదీ, చెల్లించే తేదీ ఈపాస్‌లో విద్యార్థికి కనిపించేలా పెట్టండి. దోస్త్ నోటిఫికేషన్ కంటే ముందే ప్రభుత్వ కాలేజీల్లో లెక్చరర్ల ఖాళీలు నింపండి.

ఇట్లు,
డిగ్రీ విద్యార్థుల తల్లిదండ్రులు, అధ్యాపకులు