గల్లాపెట్టెలో మిగిలిందే లాభమా?

సంపాదకులకు,

చిన్న దుకాణదారులు చాలామంది నెలాఖరున చేతిలో ఉన్న నగదునే లాభం అనుకుంటారు. ఒక ఉదాహరణ చూడండి. నెల మొదట్లో సరుకు నిల్వ రూ.2 లక్షలు, కొనుగోళ్లు రూ.5 లక్షలు, చివర్లో నిల్వ రూ.3 లక్షలు. అంటే అమ్ముడైన సరుకు ఖరీదు రూ.4 లక్షలు. అమ్మకాలు రూ.4.80 లక్షలైతే స్థూల లాభం రూ.80 వేలు. అంతా రొక్క బేరమే అయితే గల్లా మాత్రం రూ.20 వేలు లోటు చూపిస్తుంది! లాభం సరుకు రూపంలో అరల్లో ఉంది.

అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ తీసేశాకే నికర లాభం. ఈఎంఐలో అసలు మొత్తాన్ని ఖర్చులో కలపకూడదు, అది అప్పు తగ్గడమే. ఇంటికి తీసుకున్న డబ్బు సొంత వాడకం పద్దులోకి వెళ్లాలి. అరువు అమ్మకం డబ్బు రాకపోయినా అమ్మకమే. వసూలు చేసిన జీఎస్టీ మాత్రం ఆదాయం కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది నిల్వకు ఎమ్మార్పీతో విలువ కట్టడం. అమ్మని సరుకు మీద కూడా లాభం పుట్టుకొస్తుంది, దానికి పన్ను లెక్క వస్తుంది. కొన్న ధరకే కట్టాలి. గడువు దగ్గరపడి అంతకంటే తక్కువకే పోయేలా ఉంటే ఆ తక్కువ ధరకు.

– ఒక అకౌంటెంట్, విజయవాడ