ఒరిజినల్ పేరుతో నకిలీ ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు అమ్మడంపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా,

మీ దగ్గర "ఒరిజినల్" అని రాసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు పది, వోల్టేజిని నిలకడగా ఉంచే ఎల్ఎం317 రెగ్యులేటర్లు పది, 4700 మైక్రోఫారడ్, 63 వోల్టుల కెపాసిటర్లు ఆరు కొన్నాను. బిల్లు, ఫొటోలు జతచేశాను. మూడు రకాలూ నకిలీవే. ఈ మాట కస్టమర్ కేర్‌కి చెబితే "సర్క్యూట్ తప్పు కట్టి ఉంటారు, సోల్డర్ చేసిన సరుకు వాపసు తీసుకోం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అందుకని ముందు సర్క్యూట్ సంగతే చెబుతాను.

కట్టింది మామూలు బెంచి సప్లై, అంటే బల్ల మీద పెట్టి పరికరాలకు డీసీ కరెంటు ఇచ్చే పెట్టె. 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, దాన్ని నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు, కరెంటు బరువంతా మోయడానికి 2ఎన్3055. లోడుగా 12 వోల్టుల, 21 వాట్ల బండి ఇండికేటర్ బల్బు పెట్టాను. అది లాగేది 1.75 ఆంపియర్లు. బ్రిడ్జి, కెపాసిటర్లు దాటాక వచ్చే 30 వోల్టుల్లో బల్బుకి 12 పోగా ట్రాన్సిస్టర్ మీద మిగిలేది 18 వోల్టులు. అంటే వేడిగా పోవాల్సింది 32 వాట్లకు లోపే. 2ఎన్3055 ఓర్చుకోగలదని తయారీదారు డేటాషీట్‌లో ఉన్నది 115 వాట్లు. కేసు వేడెక్కేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది, నిజమే, కానీ 100 డిగ్రీల దగ్గర కూడా 60 వాట్లకు పైనే ఉంటుంది. ట్రాన్సిస్టర్ వేడిని లాగే నా హీట్‌సింక్ మీద చెయ్యి ఆనించి ఉంచగలిగేంత వెచ్చదనం ఉండగానే మీ ట్రాన్సిస్టర్ షార్టయింది. రెండోది పెడితే అదీ అంతే. పాత ఆంప్లిఫయర్‌లోంచి ఊడదీసిన 2ఎన్3055ని అదే హీట్‌సింక్ మీద, అదే సర్క్యూట్‌లో బిగిస్తే సాయంత్రమంతా నడిచింది. సర్క్యూట్ తప్పయితే పాతది ఎలా బతికింది?

ఇలా కరెంటంతా మోసే ట్రాన్సిస్టర్ షార్టయితే సప్లై ఆగిపోదు. దానిలో కరెంటు వచ్చే కొస (కలెక్టర్), పోయే కొస (ఎమిటర్) కలిసిపోయి, వెనకనున్న 30 వోల్టులూ తిన్నగా బయటికి వచ్చేస్తాయి. నా బల్బు తెల్లగా వెలిగి పగిలింది. బల్బు కాబట్టి సరే. ఇక్కడి ఐటిఐ పిల్లలు కూడా ఇలాంటి సప్లైలు కట్టి వాటి మీద రేడియోలు, చిన్న ఆంప్లిఫయర్ బోర్డులు పెట్టి చూస్తుంటారు. మీరు అమ్మింది వాళ్ల చేతికి వెళ్తే పోయేది ఒక్క ట్రాన్సిస్టర్ కాదు.

పోయిన ట్రాన్సిస్టర్ టోపీని హాక్సా బ్లేడుతో కోసి చూశాను, పక్కన పాతదీ ఒకటి కోశాను. పాతదానిలో చిప్ ఒక్కో పక్క 4 మిల్లీమీటర్లకు పైనే ఉంది, దాని కింద వేడిని పరిచే రాగి బిళ్ల ఉంది. మీదానిలో చిప్ 2 మిల్లీమీటర్లకు లోపే, రాగి బిళ్ల లేదు, పల్చటి ఇనప రేకు మీదే అతికించేశారు. పెద్ద పెట్టెలో చిన్న ట్రాన్సిస్టర్‌ని పెట్టి పై అంకె మాత్రం ఘనంగా కొట్టారన్నమాట.

"ముందే మల్టీమీటర్‌తో చెక్ చేసుకోవాల్సింది" అని మీ ప్రతినిధి సలహా ఇచ్చారు. చెక్ చేశాను. డయోడ్ టెస్ట్‌లో అన్నీ పాసయ్యాయి. మీటరు పంపేది మిల్లీఆంపియర్, ఇది మోయాల్సింది ఆంపియర్లు. చిప్ చిన్నదా పెద్దదా అన్నది మీటరుకి తెలీదు. సోల్డర్ చేసి లోడు పెడితే తప్ప బయటపడని నకిలీని, సోల్డర్ చేశారు కాబట్టి వాపసు తీసుకోం అనడం మీ కంపెనీకి చాలా వీలైన నిబంధనే.

ఎల్ఎం317ల గురించి పెద్దగా రాయను. అన్నిటి మీదా ఒకే తయారీ తేదీ కోడ్, కానీ వెనక అచ్చు గుర్తులు మూడు రకాలు, రేకు మందం రెండు రకాలు. అసిటోన్ అద్దిన దూదితో తుడిస్తే దూది నల్లబడింది, కింద పాత అక్షరాలను గీకేసిన గీతలు కనబడ్డాయి.

కెపాసిటర్ల సంగతి ఇంకా చెడ్డది. 4700కి ఇరవై శాతం తేడా ఒప్పుకున్నా 3760కి తగ్గకూడదు. మీటరులో 2300 దాటలేదు. పై తొడుగు బ్లేడుతో చీల్చాను. లోపల ఇంకో తొడుగు, దాని మీద 2200 మైక్రోఫారడ్, 35 వోల్టులు అని అచ్చు. మా వీధిలో పొద్దుపోయాక కరెంటు 250 వోల్టులు చూపిస్తుంది. అప్పుడు 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ 26 ఇస్తుంది, బ్రిడ్జి దాటాక కెపాసిటర్ మీద 35 పడుతుంది, లోడు లేకపోతే ఇంకా ఎక్కువ. 63 వోల్టులదని నమ్మి పెట్టినవాడి మొహం మీదే అది పేలొచ్చు.

చవగ్గా వస్తోందని కొన్నారు కదా అంటారేమో. "లోకల్" పేరుతో ఇదే నంబరు ట్రాన్సిస్టర్ మీ దగ్గరే 25 రూపాయలకు ఉంది. నేను 85 పెట్టింది ఆ "ఒరిజినల్" అన్న మాటకే.

ఇక పికప్. ఒడిశా పిన్‌కోడ్‌కి సరుకు పంపుతారట గానీ వెనక్కి తీసుకెళ్లరట, ఆంధ్రా అడ్రస్ ఉంటే ఇమ్మన్నారు. పాతపట్నం మాకు పక్కూరే, అడ్రస్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ డబ్బు తీసుకున్నప్పుడు అడ్డురాని సరిహద్దు ఇప్పుడెందుకు అడ్డొచ్చింది?

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. కొరియర్ ఖర్చుతో సహా మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వండి, సరుకును మా ఇంటి నుంచే తీసుకెళ్లండి. అధీకృత డీలర్ బిల్లు చూపించేదాకా ఆ మూడు వస్తువుల అమ్మకం ఆపండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇదే లాటు కొన్న ప్రతి ఒక్కరికీ సందేశం పంపండి. నా డబ్బు మాత్రం ఇచ్చి ఆ సందేశం పంపకపోతే ఈ ఫిర్యాదు తీరినట్టు నేను ఒప్పుకోను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసూ వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

కోసినవి, పోయినవి, వాడనివి విడివిడి కవర్లలో పెట్టి ఉంచాను. మీ మనిషి రసీదు రాసిస్తేనే అప్పగిస్తాను. ప్రతి రకంలో ఒకటి మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(పేరు, ఫోన్ నంబరు జతచేసిన బిల్లులో ఉన్నాయి)