బోర్డు కింద దాగిన ఊరి పేరు

సంపాదకునికి,

నగర శివార్లలో కాలనీలు పెరుగుతున్న కొద్దీ, వాటికి చోటిచ్చిన చిన్న ఊళ్ల పేర్లు మాయమవుతున్న తీరును మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేదలచాను. మా వీధి మొగలో కుంట పేరు రాసి ఉన్న పాత బోర్డు మీద నిరుడు ఒక వెంచర్ పేరు అంటించారు. అంచున 'ట' అక్షరం మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. వాన పడితే అక్కడ మోకాలిలోతు నీళ్లెందుకు నిలుస్తాయో ఆ పేరే చెప్పేది.

గచ్చిబౌలిలో బావి, హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల ఆడపడుచు హయత్ బక్షీ బేగం ఇప్పటికీ పలుకుతున్నారు. మక్తా అన్న మాట నిర్ణీత శిస్తుపై ఇచ్చిన భూములను, ఖుర్ద్, కలాన్ అన్న తోకలు ఒకే పేరు గల చిన్న, పెద్ద ఊళ్లను గుర్తుచేస్తాయి. అన్నిటికన్నా నన్ను ఆపేసే మాట రెవెన్యూ దస్త్రాల్లోని 'బేచిరాగ్': దీపం లేని ఊరు, అంటే జనం వెళ్లిపోయినా సరిహద్దులూ సర్వే నంబర్లూ మిగిలిన గ్రామం. జనం లేకున్నా పేరు నిలిపిన ఆ పాత గుమాస్తాలకు ఉన్న పట్టింపు, జనంతో కిటకిటలాడే చోట మనకు లేకపోవడం విడ్డూరం.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో లంబాడీ తండాలు, వాటిలో కొన్ని తమ నాయకుల పేర్లతోనే, గ్రామ పంచాయతీలయ్యాయి. అదే గౌరవం నగరంలో కలిసిపోయిన ఊళ్లకూ దక్కేలా, వీధి బోర్డులపై కొత్త పేరు కింద పాత గ్రామనామాన్ని తెలుగులో రాయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్