సినిమా అర్థం కాలేదంటే తప్పు ప్రేక్షకుడిదేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ముందుకీ వెనక్కీ తిరిగే కథలు జిల్లాల్లో ఆడవట. బి, సి సెంటర్ల, అంటే చిన్న పట్టణాల, పల్లెల ప్రేక్షకుడికి అంతా విప్పి చెప్పకపోతే ఎక్కదట. నలభై ఏళ్లుగా మహబూబ్‌నగర్‌లో టికెట్ కొని సినిమా చూస్తున్నవాడిని, ఈ మాట విని ఊరుకోలేను.

గత నెలలో అలాంటి సినిమానే మా పట్టణంలో సెకండ్ షో చూశాను. కొడుకు బొంబాయి పనికి పోయి ఆరేళ్లకు తిరిగొచ్చే కథ. ఆ ఆరేళ్లూ ఒక్క పాటలో గడుస్తాయి. పాట మొదట్లో తల్లి వాకిట్లో వేప మొక్కకు నీళ్లు పోస్తుంది, చివరికి ఆ చెట్టు నీడలోనే మంచం వేసుకుని పడుకుని ఉంటుంది. వారం తర్వాత హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు మళ్లీ చూస్తే గానీ ఈ సంగతి నాకు తెలియలేదు. ఎందుకంటే ఇక్కడ ఆ పాటే వేయలేదు. బస్సెక్కిన కుర్రాడు మరుక్షణం గడ్డంతో ఇంట్లోకి వచ్చాడు. నా వెనక సీట్లో ఒకాయన "ఈడెవడు మళ్ల?" అన్నాడు. పాపం, ఆయనకెలా అర్థమవుతుంది?

సెన్సార్ సర్టిఫికెట్ మీద 152 నిమిషాలని ఉంది. అది తెర మీద పడింది 9.45కు. ఇంటర్వెల్‌కు పావుగంట కలుపుకున్నా 12.32 దాకా నడవాలి. 12.20కే లైట్లు వేసి తలుపులు తెరిచేశారు. ఇంటర్వెల్ కూడా దర్శకుడు పెట్టిన చోట ఇవ్వలేదు. తల్లి ఉత్తరం విప్పుతుంటే ఆపేశారు. తెలుగు సినిమాకు ఇంటర్వెల్ అంటే సగం కథ. ఏ ముడి దగ్గర జనాన్ని బయటికి పంపాలో రచయితలు ఎంత ఆలోచిస్తారో వీళ్లకు పట్టదు.

మేనేజర్‌ని అడిగితే "సెకండ్ షోలో పాటలెవరు చూస్తరు సార్, జనం ఇండ్లకు పోవద్దా" అన్నాడు. సర్టిఫికెట్ వచ్చిన సినిమాను అధికారం లేకుండా మార్చడం 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ఏడో సెక్షన్ కింద నేరం. ఆ సంగతే రాసి ఒక కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను. "సినిమా మీద కూడా దరఖాస్తా?" అన్నారు తీసుకున్నాయన. రశీదు తప్ప ఇప్పటిదాకా జవాబు లేదు. మోరీ పొంగుతోందని ఇచ్చిన దరఖాస్తుకే దిక్కు లేదనుకోండి. టికెట్ మీద పన్ను మాత్రం పైసా తగ్గకుండా వసూలు చేస్తారు.

ఇక మా తెలివి సంగతి. మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. టీవీలో 'మాయాబజార్' వస్తుంటే మధ్యలో "పాండవులేరి బిడ్డా, ఒక్కసారి గూడ కనబడకపోయిరి" అంది. కాసేపటికి తనే "అడవిల ఉన్నరు గదా, ఈడికెట్ల వస్తరు" అనుకుంది. కె.వి.రెడ్డి 1957లో అభిమన్యుడి పెళ్లి కథను పాండవులను తెర మీదికి తేకుండానే నడిపించారు. ఎవరూ నేర్పకుండానే అది ఆమె పట్టుకుంది.

కథ వినడం మాకు సినిమా నేర్పిన విద్య కాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యది మా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని లింగాల మండలమే. 12 మెట్ల కిన్నెర అనే తంత్రీవాద్యం మీద ఆయన, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పండుగ సాయన్న కథ పాడతారు. నా చిన్నప్పుడు మా ఊరికొచ్చే కిన్నెరాయన కథ మధ్యలో పాట ఆపి కాసేపు ఉత్త కిన్నెరే వాయించేవాడు. మళ్లీ అందుకునేసరికి కథ ఎక్కడికో పోయి ఉండేది. ఎన్నాళ్లు గడిచాయో ఆయన చెప్పేవాడు కాదు, పొద్దంతా పొలం పని చేసి వచ్చి కింద కూర్చున్నవాళ్లు అడిగేవారూ కాదు. మా థియేటర్‌లో ఎగరగొట్టిన పాట చేయాల్సింది సరిగ్గా ఆ కిన్నెర పనే.

బి.నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'లో మాటలు చాలా తక్కువ. దొర గడీలో దాసిగా ఉన్న అమ్మాయి అటూ ఇటూ నడుస్తుంటేనే కడుపు తరుక్కుపోతుంది. ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఇప్పటి సినిమాల్లో తండ్రి పొలం కాగితాల మీద వేలిముద్ర వేస్తుంటాడు, ఆయన ముఖం మనకు కనబడుతూనే ఉంటుంది, అయినా వెనక నుంచి ఒక గొంతు "ఆ రోజు నాన్న గుండె పగిలింది" అని చెబుతుంది. వచ్చే కన్నీళ్లు కూడా ఆగిపోతాయి. ఇలా చెప్పమని మేమెప్పుడు అడిగాం?

మీ పేజీలో సమీక్షలూ అలాగే ఉంటున్నాయి. ఆఖరి మలుపుతో సహా కథంతా రాసేసి, కింద రెండున్నర రేటింగ్ పెడతారు. ఆ కథను ఎలా చెప్పారో ఒక్క వాక్యం ఉండదు.

దయచేసి థియేటర్ల ప్రకటనల్లో ఆట సమయాల పక్కన సినిమా ఎన్ని నిమిషాలో కూడా వేయండి. వాచీ చూసుకుని మేమే లెక్క తేల్చుకుంటాం. ఆ వ్యాసం రాసినవారిని ఒకసారి మహబూబ్‌నగర్ రమ్మనండి. సెకండ్ షోకు టికెట్ నేను తీస్తాను.

- ఒక పాఠకుడు, మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్