కెప్టెన్‌గానే ఉండనివ్వరా?

ఆర్యా,

టీచర్లకు హెడ్మాస్టరు ప్రమోషన్ల సీనియారిటీ జాబితా వచ్చిందని వినగానే నాకు జేమ్స్ కిర్క్ గుర్తొస్తాడు. కల్పిత మనిషే లెండి. 1966లో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’లో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకకు కెప్టెన్. సీరియల్ 79 ఎపిసోడ్లకే ఆగిపోయినా, ఆయన సర్వీసు మాత్రం సినిమాల్లో 1994 దాకా సాగింది.

శిక్షణలో ఉండగా, ఎవరూ గెలవలేని పరీక్షను మూడోసారి రాస్తూ కంప్యూటర్ ప్రోగ్రామే మార్చేసి గెలిచాడు. కొత్తగా ఆలోచించావని మెచ్చుకున్నారట. మా బడిలో అయితే డిబారే!

అంత బాగా నౌక నడిపినవాణ్ణి ఏం చేశారు? ప్రమోషన్ ఇచ్చి, అడ్మిరల్‌ని చేసి శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో కూర్చోబెట్టారు. 1979 సినిమా నాటికి రెండున్నరేళ్లుగా నౌకకు దూరం. భూమికి ముప్పు రాగానే కుర్ర కెప్టెన్ డెకర్‌ను పక్కకు తప్పించి మళ్లీ తానే ఎక్కాడు. దారిలో ప్రమాదం ఎదురైతే ఫేజర్లు అనే కిరణాయుధాలు పేల్చమన్నాడు. కొత్త డిజైన్‌లో ఆ పరిస్థితిలో అవి పనిచేయవని ఆయనకు తెలియదు. డెకర్ ఆ ఆర్డరు ఆపి టార్పెడోలు వేయించబట్టి అందరూ బతికారు. ఆ సీను చూసి నేను నవ్వలేకపోయాను. హెడ్మాస్టరునైన నాలుగేళ్లకు ఓ రోజు టీచరు రాలేదని పదో తరగతికి వెళ్లి, మారిన పుస్తకంలో విద్యుత్తు పాఠం దగ్గర తడబడ్డాను. అప్పటికి నా రోజంతా మధ్యాహ్న భోజనం లెక్కలు, బిల్లులు, ట్రెజరీ చుట్టూ తిరగడమే.

1982 సినిమాలో ఆయన స్నేహితుడు, నౌకలో సహచరుడు స్పాక్ మొహమాటం లేకుండా చెప్పేస్తాడు, ప్రమోషన్ తీసుకోవడం నీ పొరపాటని. తర్వాత కిర్క్ ఆ స్నేహితుడి కోసమే నౌకను దొంగిలించి, చివరికి పేల్చేశాడు కూడా. 1986 సినిమాలో విచారణ జరిగింది. భూమిని కాపాడినందుకు అభియోగాలన్నీ కొట్టేసి, ఆజ్ఞ ధిక్కారం ఒక్కటి ఉంచి, అడ్మిరల్ నుంచి కెప్టెన్‌కు దించారు. కొత్త నౌక ఇచ్చారు. మన భాషలో రివర్షన్! దానికి అంత సంతోషించిన ఉద్యోగిని నేనెక్కడా చూడలేదు.

మనకూ ఒకే పోస్టులో ఉన్నా 6, 12, 18, 24 ఏళ్లకు వచ్చే పై స్కేళ్లు ఉన్నాయి కదా, ప్రమోషన్ లేకున్నా జీతం పెరుగుతుంది కదా అనొచ్చు. పెరుగుతుంది. కానీ ‘ఇంకా అక్కడే ఉన్నావా?’ అనే పలకరింపు మాత్రం మారదు. ప్రమోషన్‌కు ‘నాట్ విల్లింగ్’ రాసిచ్చినవాణ్ణి చేతకానివాడిలా చూస్తారు. పాఠం బాగా చెప్పే టీచరుకు తరగతి గదిలోనే హెడ్మాస్టరుతో సమానమైన హోదా దక్కే మార్గాన్ని విద్యాశాఖ ఆలోచించాలి. ఆఫీసు పని కూడా పనే, అది ఇష్టపడి చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకివ్వండి.

నాతో పనిచేసిన ఫిజికల్ సైన్స్ టీచరమ్మ పేరు ఈసారి జాబితాలో ఉంది. విల్లింగ్ ఇవ్వమంటారా మాస్టారూ అని నిన్న ఫోన్ చేశారు. ఏం చెప్పాలో తోచక రెండు రోజులు ఆగమన్నాను.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి