నోటు తిరగరాస్తే ఏమవుతుంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఎనిమిదో తరగతికి వడ్డీ లెక్కలు నేనే చెబుతున్నాను. పుస్తకంలో వడ్డీ రేటు ఏడాదికి 8 శాతమనో 10 శాతమనో ఉంటుంది. మన ఊళ్లలో అలా ఎవరంటారు? ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలన్నమాట. ఆ మాటే బోర్డు మీద రాసి, ఏడాదికి ఎంత శాతమో చెప్పమన్నాను. చాలామంది 2 శాతం అన్నారు. పన్నెండు నెలలతో గుణిస్తే 24 వచ్చింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత అప్పు నోటు లెక్క చేశాం. 10,000 రూపాయలు ఆ వడ్డీకి తెచ్చి, మధ్యలో ఏమీ కట్టలేదనుకోండి. నెలకు 200, ఏడాదికి 2,400, మూడేళ్లకు 7,200. మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటుకు కాలదోషం పడుతుంది, అంటే దాని మీద కోర్టుకు వెళ్లే గడువు తీరిపోతుంది కాబట్టి, ఆలోపే అసలూ వడ్డీ కలిపి 17,200కి నోటు తిరగరాయించుకుంటారు. ఇంకో మూడేళ్లకు అది 29,584 అవుతుంది. తిరగరాయకుండా ఆరేళ్లూ బారువడ్డీయే కడితే 24,400. తేడా 5,184 రూపాయలు. ఆ తేడా మొత్తం వడ్డీ మీద పడిన వడ్డీ. పుస్తకంలోని చక్రవడ్డీ ఇదే. ఆ చక్రం ఇక్కడ మూడేళ్లకోసారి తిరుగుతోంది.

నా చిన్నప్పటి మాట ఒకటి చెప్పాలి. ఎనిమిదిలో చక్రవడ్డీ లెక్కలకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ ఏడాదే మా నాన్నగారు అరుగు మీద కూర్చుని నోటు తిరగరాసి సంతకం పెట్టడం చూశాను. బడిలో నేను చేసిన లెక్కా, అరుగు మీది ఆ కాగితమూ ఒకటేనని నాకు తట్టలేదు. తట్టి ఉంటే అప్పు తీరిపోయేదని కాదు. ఏటేటా వడ్డీ మటుకైనా కట్టేస్తే అసలు పెరగదని నాన్నగారికి లెక్క వేసి చూపించగలిగేదాన్ని. మన బడి పిల్లలకు అలా జరగకూడదని నా తాపత్రయం.

మీ ఇంటి అప్పుల సంగతి తరగతిలో ఎవరినీ అడగం. ఆ భయం వద్దు. అంకెలన్నీ మేమే ఇస్తాం.

ఇంకో చిన్న మార్పు చేశాం. ఆరు నుంచి పది వరకు లెక్కల నోటుబుక్కులో రబ్బరు వాడొద్దని చెప్పాం. తప్పు సోపానాన్ని ఒక గీతతో కొట్టేసి, దాని కిందే సరిచేసి రాయాలి. మొన్న ఒక అమ్మాయి పేజీలో నాలుగు కొట్టివేతలున్నాయి. నాలుగుసార్లూ కుండలీకరణం విప్పేటప్పుడు మైనస్ గుర్తు దగ్గరే తప్పు పోయింది. తుడిపేసి ఉంటే ఆ సంగతి తనకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. కాబట్టి పుస్తకం గజిబిజిగా కనిపిస్తే దయచేసి కోప్పడకండి. ఎక్కడ తప్పు పోయిందో, ఎలా పట్టుకుందో అడగండి. ‘నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదులే’ అని మాత్రం పిల్లల ముందు అనకండి. సంతలో బేరమాడేటప్పుడూ, కూలీలకు డబ్బు పంచేటప్పుడూ మీరు నోటితో వేసే లెక్కలు మేం బోర్డు మీద చేసే వాటికన్నా వేగంగా నడుస్తాయి. ఆ లెక్క ఎలా వేశారో పిల్లలకు పైకి చెప్పండి, చాలు.

ఏడో తరగతి తల్లిదండ్రులకు ఒక మనవి. వచ్చే వారం శాతాల పాఠం మొదలవుతుంది. బట్టల కొట్టు కరపత్రాలుంటే పంపండి. 50 శాతం తగ్గింపు మీద మళ్లీ 20 శాతం అంటే 70 కాదు, 60 శాతమేనని వాటి మీదే చేయించాలని ఉంది. పాత కరెంటు బిల్లులు కూడా పనికొస్తాయి. పేరూ సర్వీసు నంబరూ ఉన్న భాగం చింపేసి, మిగతాది సోమవారంలోగా పిల్లలకిచ్చి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు